బోడిగుండుకూ మోకాలికీ

బల్లారాట్‌లో జూన్ రాత్రి.
స్టేడియం వెనక గదిలో హీటర్ ఒకటే,
దాని చుట్టూ ఆరు కుర్చీలు.
ఏడోది నాది, తలుపు పక్కన.
ఓటు లేని కుర్చీ.
ఫిజియోని నేను,
నన్నడిగేది మోకాలి గురించి మాత్రమే.

ఎడమ మోకాలు. వెస్ హార్డిమన్‌ది.
ముప్పై ఏడేళ్ళు, రెండు ఆపరేషన్లు,
చిప్ప కింద మెత్తన అరిగిపోయి
ఎముకా ఎముకా నేరుగా మాట్లాడుకుంటున్నాయి.
నిన్న పెట్టె మీంచి దిగమన్నాను.
దిగాడు.
అప్పడం నలిగిన చప్పుడు.
"వినపడిందా?" అన్నాడు,
కాలు ఇంకెవరిదో అయినట్టు.

కోశాధికారి నిక్ స్టావ్రూ లెక్కలు విప్పాడు:
ముప్పై వేల డాలర్లు, ఒక్క సీజనుకి.
ఆ డబ్బుతో వాన కారే పైకప్పు ఓ మూలైనా కప్పించొచ్చు.
"సరుకు పాతది" అన్నాడు.
నా బుర్ర తనంతట తనే దాన్ని తెలుగులోకి దించుకుంది:
పాత చింతకాయ పచ్చడి.
నవ్వొచ్చింది, ఆపుకున్నాను.
జ్వరం తగ్గిన నోటికి మా పెద్దమ్మ పెట్టేది అదే కదా,
కొత్తావకాయ జాడీ అటకెక్కించి.
వరసగా ఐదు మ్యాచ్‌లు ఓడిన జట్టుకి
పథ్యం ఏమిటని నన్నెవరూ అడగలేదు.

కోచ్ బ్రెంట్ అన్నాడు: కాళ్ళున్నాయి మనకి.
పందొమ్మిదేళ్ళ ఎలై కాళ్ళు, లేడి కాళ్ళు.
ఆఖరి రెండు నిమిషాల్లో అవి ఎటు పోవాలో
చెప్పేవాడే లేడు.
"నాకొక తలకాయ కావాలి."
"మోకాలు లేకుండా తలకాయొక్కటే రాదుగా"
అన్నారెవరో. అందరూ నవ్వారు.

వెస్ తల నున్నటి గుండు.
బోడిగుండుకూ మోకాలికీ ముడిపెట్టకని
చిన్నప్పుడు లెక్కల మాస్టారు తిట్టేవారు నన్ను.
ఇప్పుడు ఆ ముడే నా ఉద్యోగం.

నా ఫారంలో గళ్ళున్నాయి:
వాపు, వంపు, బలం, నొప్పి పదికి ఎంత.
నిన్న జరిగినదానికి గడి లేదు.
ఐస్ మూట కట్టుకుని బెంచీ మీద కూర్చుని
కుర్రాళ్ళ ప్రాక్టీసు చూస్తున్నాడు.
లేవలేదు, అరవలేదు,
ఈగని తోలినట్టు ఒక వేలు కదిపాడు.
మూలనున్న ఎలై రెండడుగులు జరిగాడు.
అంతవరకూ గోడ ఉన్నచోట వాకిలి.
బంతి దూరింది.
ఎలా తెలిసిందంటే
"ఆ నాలుగోవాడు మడమల మీద నిలబడ్డాడు" అన్నాడు.
నొప్పి ఎంతంటే మాత్రం నాలుగన్నాడు.
మొహం ఆరని చెప్పింది.

మూడు చేతులు లేచాయి. మూడు లేవలేదు.
అధ్యక్షురాలు లొరేన్ పాస్కో కళ్ళద్దాలు తీసి
నా వైపు తిరిగింది.
"నువ్వు చెప్పు. నిలబడుతుందా?"

"మ్యాచ్‌కి పన్నెండు నిమిషాలు" అన్నాను.
"వరసగా రెండు రాత్రులు వద్దు.
ఆగస్టు దాకా నిలవచ్చు. నిలవకపోవచ్చు."
తర్వాత నోరు జారింది:
"బెంచీ మీద కూర్చుని కూడా ఆడుతున్నాడు,
ఆ నిమిషాలు ఏ పద్దులో రాస్తారో నాకు తెలీదు."
నిక్ పెన్ను ఆగింది.
నన్ను బయటికి పంపి తలుపు వేసుకున్నారు.

మెట్ల మీద వెస్.
ఒక్కో మెట్టుకీ రెండు పాదాలూ చేర్చి దిగుతున్నాడు,
కుడిచెయ్యి రెయిలింగు మీద.
"ఎన్నన్నావు?"
"పన్నెండు."
"నలభైలో పన్నెండు" అని తలూపాడు,
చిల్లర లెక్కపెట్టుకున్నట్టు.

అప్పుడే కిందనుంచి ఎలై,
బంతి తాటిస్తూ, రెండేసి మెట్లు దూకుతూ,
దారివ్వాలన్న ధ్యాసే లేకుండా
పక్కనుంచి దూసుకుపోబోయాడు.

ఆ ఎడమచెయ్యి ఎప్పుడు కదిలిందో నేను చూళ్ళేదు.
బంతి మాత్రం కుర్రాడి దగ్గర లేదు.
మెట్టు మీంచి మెట్టుకి దొర్లి
కార్ పార్కింగ్‌లో తెల్లటి మంచు మీద
నల్లటి గీత గీసుకుంటూ పోతోంది.

వెస్ రెయిలింగు వదల్లేదు.
పరిగెత్తింది ఎలై.