శివారు వంతు

జూన్ నెలాఖరు. తెల్లవారుజాము ఐదున్నర.
లాకుల మీద చెక్కబల్లపై కూర్చుని
మా మేనకోడలు సునంద ఫోన్ చూస్తోంది.
నర్సాపురం కాలేజీ జట్టుకి బంతి ముందుకు తీసుకెళ్ళేది తనే.
నేను లస్కరుని. తలుపులెత్తడం, దించడం,
గేజీ చూసి పుస్తకంలో రాయడం, తిట్లు తినడం.

ఫోన్లో తాటిచెట్టంత కుర్రాడు
కొత్త టోపీ పెట్టుకుని తల్లిని కావిలించుకున్నాడు.
"ఆ టోపీ అబద్ధం మామయ్యా," అంది సునంద.
"ఈ వంతు నిన్న రాత్రే ఇంకో ఊరికి అమ్మేశారు.
సంతకాలయ్యేదాకా ఫొటోలన్నీ ఈ టోపీతోనే."

వంతంటే నాకెవరూ చెప్పక్కర్లేదు.
అక్కడి లెక్కే మనకి తిరగేసి:
ఏడాదంతా ఓడినవాడు ముందు కోరుకోవాలట.
శివారు చేనుకి మొదటి తడి!
మా కాలవ మీద ఏ ఇంజినీరూ
కలలో కూడా రాయని ఉత్తర్వు.
"అదీ ఖాయం కాదు. బంతులేసి లాటరీ తీస్తారు.
అట్టడుగువాడికైనా మొదటిది దక్కేది నూటికి పద్నాలుగుసార్లే."
లేకపోతే కావాలనే ఓడతారుగా, అన్నాను.
"అయినా ఓడతారు," అని నవ్వింది.

తర్వాత అమ్మకాలు చెప్పింది.
ఇవాళ్టి మొనగాడు కావాలంటే
రాబోయే ఏళ్ళ వంతులు రాసివ్వాలి.
ఏడేళ్ళ ముందుదాకా రాయొచ్చు,
వరసగా రెండేళ్ళు మాత్రం గాదె ఖాళీ చెయ్యకూడదు.
విత్తనపు గింజలు తినెయ్యొద్దని
ఎవడో తినేశాకే పెట్టుంటారు ఆ రూలు.
మెలికలూ ఉన్నాయి:
మొదటి నాలుగులో పడితే నాదే,
ఐదు నుంచి నీది,
ఈ ఏడు కుదరకపోతే పై ఏడు చూద్దాం.
కాపు విరగకాస్తే తోట నాది, పిందె రాలితే నీది!
మా కొబ్బరి గుత్తలవాళ్ళు వింటే
అప్పటికప్పుడు స్టాంపు కాగితం తెస్తారు.

"మార్పిడి అని ఇంకోటుంది," అనబోతే
అది నాకు తెలుసన్నాను.

నీళ్ళు చాలని దాళ్వాల్లో చీట్లు తీసేవాళ్ళం.
కడలి ధర్మారావుకి ఆయిలింజను కావాలి.
పితాని గంగరాజు ఇచ్చాడు. డబ్బడగలేదు.
"మూడో ఏటి దాళ్వాకి
నీ చీటీ నా చీటీ పక్కపక్కన పెడదాం.
నాది ముందొస్తే ఎవరిది వాళ్ళకే.
నీది ముందొస్తే మార్చుకుందాం."
అంతే. ఇచ్చినట్టే లేదు.
వంతు పోలేదు, ఉంది,
రెంటిలో వెనకది.
ధర్మారావు అందరికీ టీ ఇప్పించాడు.

మూడో ఏడు ఎగువన వానల్లేవు.
చీట్లలో ధర్మారావుది రెండు.
గంగరాజుది పంతొమ్మిది.
తలుపెత్తింది నేనే.
ఎవరూ అరవలేదు, మాట మాటేగా.
ఇంజను మాత్రం బోదె గట్టున
పీల్చడానికి చుక్క లేక
గొట్టం నోరు తెరుచుకుని పడుంది.
"ఆ రోజు నాకు తెలివి లేదంటావా?"
అనడిగాడు ధర్మారావు, ఒక్కసారే.
లేకేం, ఆ ఏడు చేను నిలబెట్టింది ఆ ఇంజనే కదా.
అదే చెప్పాను. నా వైపు చూడలేదు.

సునంద వేలితో తెర జరిపింది.
"ముప్పై ఒకటో సంవత్సరం వంతు కూడా
ఇప్పుడే ఇచ్చేశారు, ఈ పొడుగాయన కోసం."
ఆ వంతులో రాబోయే పిల్లాడు
ఇప్పుడు ఏడో తరగతో ఎనిమిదో.
ఎక్కడో బూటు తాడు కట్టుకుంటూ
అమ్మ చేత కేకలు తింటూ ఉంటాడు.
ముప్పై ఒకటో ఏటి వాన
నాసిక్ మీద ఇంకా మబ్బు కూడా కాలేదు.
దానికప్పుడే ఒక టోపీ.

వెలుగొచ్చింది. గుర్రపుడెక్క తోసుకుంటూ
కొత్త నీరు లాకుల్ని తాకింది, ఎర్రగా.
వంగి గేజీ చూశాను.
"ఎంతుంది?" అంది, ఫోన్ మీంచి తల ఎత్తకుండానే.
ఆరడుగుల మూడంగుళాలు.
"గార్డుకి సరిపోద్ది," అంది.
పుస్తకంలో రాసుకున్నాను.