పదిహేడో మేకు

నా చేతిరాత గుండ్రంగ ఉంటదని
కార్డులు రాసే పని నాకు పెట్టిన్రు.
హన్మకొండల ఫంక్షన్ హాలు,
మూఢం రోజులు, లగ్గాలు లేవు,
కిరాయి సగానికి సగం.
పెండ్లికొడుకు కుర్చీ ఓ మూలకు నెట్టి
గోడల పొంటి నలభై మేకులు కొట్టినం,
మేకుకో బొంత.

కార్డు మీద నాలుగు గీతలు:
పేరు. ఊరు. కొలత. కుట్టిన ఏడాది.
నాలుగో గీత కాడ నా కలం ఆగుతది.
"ఏ ఏడు కుట్టినవ్?" అంటే
"ఇంక కుడుతనే ఉన్న గద" అంటది కనకవ్వ.

బొంతల కంటె ముందు వార్తలు వచ్చినయ్.
పరకాల సారవ్వకు కంట్ల శుక్లం తీసిన్రట,
సూదిల దారం తానే ఎక్కిస్తున్నదట,
ఆ పనికి రూపాయి తీసుకునే మనుమరాలు
అలిగి పొద్దంత అన్నం తినలేదట.
జమ్మికుంట ముగ్గురు రారు, పత్తి ఏరుడుకు పోయిన్రు.
వాళ్ల బొంతలు మాత్రం ఆర్టీసీ పార్సిల్ల
మక్కల బస్తా కింద నలుగుకుంట వచ్చినయ్.
మొగిలిచర్ల బుచ్చవ్వ పోయిందట, దసరా ముందల.
ఆమె దబ్బనం ఎవ్వలు తీసుకున్నరని
అడిగింది ఒకామె.
ఎవ్వలూ జవాబు చెప్పలే.

కనకవ్వది పదిహేడో మేకు.
ఆరడుగులు, నాలుగున్నర. ఐదు పొరలు.
దగ్గరికి పోతే పొయ్యి పొగ వాసన,
ఇంకింత దగ్గరికి పోతే
ఉతికినా పోని పసిపిల్లల ఉచ్చ వాసన.
ఆమె వేలు పెట్టి చూపెడ్తది, నేను రాసుకుంట:
ఇది భూపాలపల్లి గనిల దిగిన అంగీ,
ఎన్ని నీళ్లు పోసినా నల్లగనే.
ఇది సర్కారు ఇచ్చిన బతుకమ్మ చీరె, కట్టలే, కుట్టిన.
ఇది ఎలక్షన్ల జెండా గుడ్డ,
రంగు వెలిసినంక ఏ పార్టీదో జెండాకే యాది లేదు.
ఇది...
తెల్లటి ముక్క మీదికెల్లి వేలు తీసేసింది.
నేను అడగలే.

సాయంత్రం ఆరు కొట్టంగనె
స్టూలెక్కి బొంత దించుకున్నది.
"అవ్వా, మూడు రోజులు ఉండాలె" అన్నది మా మేడం.
"మరి రాత్రి నేనేం కప్పుకోవాలె?
గోడకు సలి పెడ్తదా?"
నెత్తిన పెట్టుకొని ఖిలా వరంగల్ ఆటో ఎక్కింది.
తెల్లారి పదింటికి మళ్ల మేకుకు.
కార్డు కింద సన్నగ రాసిన:
పగలు మాత్రమే.

మూడో రోజు పదకొండైనా రాలే.
పట్నం నుంచి వచ్చిన ఓ సారు
ఏదో అర్థం ఉంటదనుకొని
ఖాళీ మేకును ఫోటో తీసుకున్నడు.

పన్నెండింటికి వచ్చింది. చేతుల సగం బొంత.
పక్కింట్ల కిరాయికుండే ఒడిశా పిల్ల,
ఇటుక బట్టీకి పోయేటామె,
రాత్రి బిడ్డను కన్నదట.
"కత్తెరకు తెగలే. కొడవలి పెట్టిన."
తెగిన అంచుల పొరలన్ని బయటపడ్డయ్,
లెక్క పెడితే ఐదు కాదు, తొమ్మిది.
నడుమ ఎక్కడనో, ఎండ మొఖం చూడని ఎర్రపూల గుడ్డ.
"అది మా అమ్మ బొంత," అన్నది,
"దాని మీదనే నేను కుట్టుకుంట వచ్చిన."
మరి మొన్న చెప్పలేదేంది అంటే
"లోపల ఏమున్నదని నువ్వు అడిగినవా?"

కొలత కొట్టేసి మళ్ల రాసిన:
మూడడుగులు, నాలుగున్నర.
సగం బొంత బహుమతి లెక్కల రాదన్నది మేడం.
కనకవ్వ ఇనలేదు,
మేకు కిందనే కూసొని అంచు మడుచుడు మొదలువెట్టింది.
జనమంత ఆడనే మూగిన్రు,
తక్కిన ముప్పై తొమ్మిది గోడలు చూసుకుంట ఉన్నయ్.
ఒకాయన ధర అడిగిండు.
దారం పండ్లతోటి కొరుక్కుంట ఆమె
అడ్డంగ తల ఊపింది.

ఆరు కొట్టేటాల్లకు ఇంకో జానెడు మిగిలింది.
దబ్బనం అండ్లనే గుచ్చి
మడిచి నెత్తికెత్తుకున్నది.

రాత్రి మేకులు పీకి డబ్బాల వేసినం.
మూఢం పోయినంక మళ్ల పనికొస్తయట, తోరణాలకు.
ముప్పై తొమ్మిది సక్కగనే ఉన్నయ్.
ఎక్కిచ్చి దించీ, దించి ఎక్కిచ్చీ
పదిహేడోది కిందికి వంగింది.