స్లీపరుకీ స్లీపరుకీ మధ్య

మాధవరం రోడ్డు నడుమ
మెట్రో కోసం మట్టి పరీక్ష.
రెండున్నర మీటర్ల లోతులో
డ్రిల్లు పళ్లు కొరికి ఆగిపోయింది.
నీళ్లు ఎర్రగా పైకి తన్నాయి.
ఆ ఎరుపు నాకు తెలుసు,
మా నాయనమ్మ మడమల పగుళ్లలో
ఎన్ని కుంకుడుకాయలు రుద్దినా పోనిది.

మావాళ్లు ఎర్రకొండ అంటారు.
అరవంలో సెంగుండ్రం.
బస్సు బోర్డు మీద రెడ్ హిల్స్.
మూడు భాషల్లోనూ కొండే,
వెళ్లి చూస్తే కొండ లేదు.
తట్టల్లో మేమే మోసేశాం.

ఆ గోతుల నుంచి
ఇక్కడి కంకర డిపో దాకా
రెండడుగుల వెడల్పు లైను.
ఏ మ్యాపులోనూ లేదు.
టికెట్టు లేదు, గంట లేదు,
స్టేషనంటే ఒక చింతమొద్దు,
దాని మీద నీళ్లకుండ.
ఇంజనూ లేదు.
దిగేటప్పుడు వాలే ఇంజను,
ఎక్కేటప్పుడు ఆడవాళ్లు.

రాయి నిండిన తొట్టి మీద
మా తాత వల్లెపు తిరుపాలు
తుమ్మకర్ర బ్రేకు చంకలో ఇరికించుకుని
నిలబడి వచ్చేవాడట.
కర్ర రాజుకుని పొగ లేస్తే
ఆ వాసన పట్టి
గుడిసెల్లో పొయ్యి మీది సంగటి దించేవాళ్లు.

తాత ఎలా పోయాడని అడిగితే
"బ్రేకు తడిసింది" అనేది నాయనమ్మ.
అంతే.
ఒక వానాకాలం మొత్తం ఆ రెండు మాటలే.
నాలుగో రోజు మళ్లీ తొట్టి తోసిందని
ఇంకెవరో చెప్పారు, ఆమె చెప్పలేదు.

పన్నెండేళ్లకి మొదలెట్టింది దేశమ్మ
ఖాళీ తొట్లు పైకి తోయడం.
చెప్పులు లేవు. ఇనుము కాలుతుంది, కంకర కోస్తుంది,
కాలు పెట్టే చోటు చెక్క ఒక్కటే.
స్లీపరు మీంచి స్లీపరు మీదికి అడుగు,
అంతకు మించకూడదు, తగ్గకూడదు.
పదకొండేళ్లు అదే అడుగు.

తర్వాత లారీ వచ్చింది,
ముందు నిమ్మకాయలు కట్టుకుని.
తొమ్మిది తొట్ల రాయి ఒక్క గుక్కలో మింగింది.
మేస్త్రీ పొన్నురంగం చిట్టా మూసేసి
పట్టాలు తూకానికి అమ్మాడు.
మిగిలిన కూలీకి బదులు
మాకొక ముక్క ఇచ్చాడు, ఏడడుగులది.
అది మా గుమ్మానికి పైకమ్మీ అయింది.
మా అత్తని చూడటానికి వచ్చిన పెళ్లికొడుకు
దానికే నుదురు కొట్టుకున్నాడు,
అయినా చేసుకున్నాడు.
వాన పడితే ఇప్పటికీ
గోడ మీద తుప్పు కారుతుంది.
తవ్వే ఖర్చు ఇనుము ధరని దాటిన చోట
పట్టాలు అలాగే ఉండిపోయాయి,
మీద మట్టి, మట్టి మీద తారు.

లైను పోయింది గానీ
ఆమె అడుగు పోలేదు.
నున్నటి గచ్చు మీద, రేషన్ షాపు క్యూలో,
ఆసుపత్రి వరండాలో
కనిపించని చెక్కలు వెతుక్కుంటూనే నడిచింది.
రోడ్డు దాటుతుంటే ఆటోవాళ్లు అరిచేవాళ్లు,
"పాట్టీ, సీక్రం పో!"
ఆ రోడ్డు కింద రాయి ఎవరు తోస్తే వచ్చిందో
ఆమె ఆగి చెప్పేది కాదు.
ఆగడం తెలీదు, పరిగెత్తడమూ తెలీదు.

"ఏంటన్నా అది, పాత పైపా?"
ఇంజనీరు ఇళవరసి వంగి చూసింది.
చిన్నపిల్ల, మంచిదే,
మధ్యాహ్నం డబ్బాలో నాకూ పెడుతుంది.
లాగ్ షీటులో ఒక గడి ఖాళీగా ఉంది.
"అబ్‌స్ట్రక్షన్ అని రాసేయండి" అంది.
రాశాను.
నాకు తెలుగు అక్షరాలు ముప్పై దాటాక వచ్చాయి,
ఈ మాట ఇంగ్లీషులో బడిలోనే వచ్చు.

"బోరు రెండడుగులు పక్కకి జరపండన్నా."
రెండడుగులు.
అటు జరిపితే ఏం తగులుతుందో నాకు తెలుసు.
చెప్పొచ్చు. చెప్పలేదు.
టేపు జేబులోనే ఉంది, తీయలేదు.
రోడ్డుకి అడ్డంగా
ఒక్క అడుగు వేశాను, మా ఇంటి అడుగు.
మడమతో మట్టి మీద గీత గీసి
మిషను అక్కడ దింపమన్నాను.