చెరిపే పని

బొమ్మ గీసినవాడి పేరు మూలన చిన్నగా ఉంటుంది.
నా పేరు ఎక్కడా ఉండదు.
నా పని చెరపడం.

పారిస్‌లో, నది వాసన మెట్లదాకా ఎక్కి వచ్చే వీధిలో
బుర్దలూ గారి రాతి అచ్చుకూటం.
బవేరియా గనుల నుంచి బళ్ళమీద వచ్చిన సున్నపురాళ్ళు,
పాత వెన్న రంగువి, ఒక్కోటి దూడంత బరువు.

సోమవారం మర్సినాక్ వచ్చి
జిడ్డు పెన్సిలుతో రాతిమీద మంత్రిని గీస్తాడు,
ఎడమది కుడిగా, కుడిది ఎడమగా.
"తిరగేస్తేగానీ ఈ మనుషులు తిన్నగా కనపడరు క్లోటిల్డ్" అంటాడు.
గురువారానికి వెయ్యి కాగితాలు కాఫీ హోటళ్ళకి.
శుక్రవారం రాయి నా దగ్గరికి.

ఇసుక చల్లి, నీళ్ళు పోసి,
రాయిమీద రాయి బోర్లించి తిప్పుతాను.
ముందు కోటు బొత్తాలు పోతాయి, తర్వాత పొట్ట.
ముక్కు మటుకు చివరిదాకా మొండికేస్తుంది:
తలుపుకి బయటినుంచి పెట్టిన గొళ్ళెంలాంటి ముక్కు.

రాతిమీద రాత చెరగదని ఎవరన్నారో గానీ
వాళ్ళెప్పుడూ ఇసుక పట్టినవాళ్ళు కారు.
ఎందరు మంత్రులు నా వేళ్ళకింద పాలనీళ్ళయి
తూములోంచి నదికి పోయారో
రాసుకోలేదు, చదువు రాదు.
బొమ్మలు మాత్రం చదువుతాను.
మా వీధంతా అంతే.
అందుకే కాబోలు వ్యాసాలకి లేని భయం బొమ్మలకి.

నవ్వు నాలుగు విధాల చేటు.
పెళ్ళాం వెండి చెంచాలు అమ్మి బుర్దలూ జరిమానా కట్టాడు.
మర్సినాక్ జైల్లో ఆరునెలలు దగ్గు నేర్చుకున్నాడు.
పోలీసులొచ్చి పదకొండు రాళ్ళు మోసుకుపోయారు,
అందులో తొమ్మిది నేనప్పటికే తోమేసినవి.
ఖాళీ రాళ్ళని ఖైదు చేశారు!
నాలుగో చేటు ఇంకా రాలేదు. చూస్తున్నాం.

ఆ సెప్టెంబరులో చట్టం వచ్చింది.
మాట రాస్తే అభిప్రాయమట,
గీత గీస్తే చెయ్యి చేసుకున్నట్టట.
మా అచ్చుకూటం బుద్ధిమంతురాలైపోయింది:
సారా సీసాల చీటీలు, పియానో పాటల అట్టలు,
జాము డబ్బాల కాగితాలు.

నవంబరు చలికి మణికట్టు వాచింది.
ఒక రాయిని తోమవలసినంత తోమలేదు.
తోమలేకపోయావా, తోమలేదా అని
తర్వాత ఇన్‌స్పెక్టరు కూడా అడిగాడు.

ప్లమ్ జాము చీటీ అది. గిన్నె, రెండాకులు, మూడు పళ్ళు.
నాలుగొందల కాగితాలదాకా బాగానే ఉంది.
ఆపైన సిరా ఎక్కేకొద్దీ పళ్ళ సందులోంచి
పొగలా ముందు గొళ్ళెం,
దాని వెనక ఒక కనురెప్ప.

చూసుకునేసరికి డబ్బాలు అంగళ్ళకి వెళ్ళిపోయాయి.
మంత్రిగారి వంటింటికీ ఒకటి చేరిందన్నారు, నేను చూడలేదు.
మా పక్కింటి పిల్లవాడు చీటీకంటిన జామును
ముక్కుతో సహా నాకడం మాత్రం చూశాను.

"ఎవరు గీశారిది?"
మర్సినాక్ మట్టిలోకి వెళ్ళి అప్పటికి నెల.
బుర్దలూ టోపీ చేత్తో పట్టుకుని నేల చూస్తున్నాడు.
ఇన్‌స్పెక్టరు చీటీని దీపం దగ్గరికి తీశాడు.
ఎంత బిగపట్టినా మీసం కింద ఏదో కదిలింది.
వెంటనే దగ్గాడు.

"రాయి సరిగ్గా తోము" అని నాకు చెప్పి వెళ్ళాడు,
చీటీని నాలుగు మడతలు పెట్టి లోపలి జేబులో దాచుకుని.

రాయి నా ముందే ఉంది.
ఇసుకుంది, నీళ్ళున్నాయి.
తోముతున్నాను,
మెల్లిగా.