పక్కచూపు

వీగో రేవు ఆసుపత్రి, మూడో అంతస్తు.
కిటికీ లేని గదిలో నాదొక తెల్లటి గిన్నె యంత్రం.
గడ్డం ఇక్కడ ఆనించండి, ఒక కన్ను మూయండి,
నడిమి చుక్క మీంచి చూపు కదపకండి,
వెలుగు కనిపిస్తే మీట నొక్కండి.
పదిహేడేళ్లుగా ఇదే మంత్రం
రోజుకు ఇరవైసార్లు.

బ్రెయిషోకి నలభై తొమ్మిది.
రేవులో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాడు.
"కళ్లజోడు మారిస్తే పోయేదానికి
ఇంత దూరం పంపారు" అని గొణుక్కుంటూ కూచున్నాడు.
ఈ ఏడాది కుడివైపు రెండు స్తంభాల్ని గుద్దాడు.
ఎడమవైపు ఒక మనిషిని,
వెంట్రుకవాసిలో తప్పింది.

చుక్క నడుమ వెలిగింది, నొక్కాడు.
చుక్క చెవివైపు జరిగింది.
యంత్రం ఇంకొంచెం వెలుగు పెంచింది.
ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు.
"మొదలుపెట్టారా?" అని అడిగాడు.

కాగితం మీద రెండు అంచులూ నల్లగా వచ్చాయి,
గుర్రానికి గంతలు కట్టినట్టు.

ముక్కు వెనక, జీను లాంటి ఎముక మీద
సవారీ చేసే బఠాణీ గింజంత గ్రంథి.
పేరులోనే పీయూషం.
అక్కడ పుట్టిన కంతి
ఇతనిలో మూడు సెంటీమీటర్లయి
కంటి నరాలు కలిసేచోట భుజం ఆనించి నిలబడింది.

ఆరేళ్లు పట్టిందట.
ఆరేళ్లూ గోడవైపు తిరిగి పడుకున్నాడు.
నైట్ షిఫ్టులనుకున్నాడు, వయసనుకున్నాడు,
రెండు వారాలకోసారి గీసినా గడ్డం సరిపోతుంటే
బ్లేళ్ల ఖర్చు తగ్గిందనుకున్నాడు.
ఎవరితో చెప్తాడు? ఏమని మొదలెడతాడు?
భార్య ఉషీయా మాత్రం వేరేగా అనుకుంది,
ఈయనకి పక్కచూపులు మొదలయ్యాయని.

నల్లంచుల కాగితం ఆమె చేతికిచ్చాను.
చాలాసేపు తిరగేసి, మరగేసి
"అసలు ఇతనికి పక్కచూపే లేదా" అంది.
నవ్విందో ఏడ్చిందో,
నేను ప్రింటరు వైపు తిరిగాను.

అదే కంతి, అదే పాల హార్మోను,
సబేలాకి నాలుగు మిల్లీమీటర్ల దగ్గరే దొరికిపోయింది.
ఇరవై ఆరేళ్ల పిల్ల. సార్డీన్ డబ్బాల ఫ్యాక్టరీ.
మూడు నెలసరులు తప్పాయి, కడుపు కాదు.
ఓ పొద్దున కన్వేయరు ముందు
యూనిఫాం మీద రెండు తడి మచ్చలు.
బిడ్డ లేని పాలు.
ఎదురుగా ఉన్నామె, ఏమీ అడక్కుండా,
తన ఏప్రన్ విప్పి ఇచ్చిందట.
ఆడ ఒంట్లో ఒక క్యాలెండరు వేలాడుతుంటుంది.
చిరగని కాగితం చూసి పిల్ల పరుగెత్తుకొచ్చింది.
మగ ఒంట్లో ఆ మేకు కూడా లేదు.
సబేలా నా గిన్నెలో ఒక్క చుక్కా వదల్లేదు.

ఇక్కడితో ఆపితే లెక్క సరిపోయేది.
డోరిండా ఊరుకోదు.

ఆమెది వేరే హార్మోను, ఎదుగుదలది.
ఎదిగే వయసు దాటి ముప్ఫై ఏళ్లయ్యాక
ఎదుగుతూ వచ్చింది: చెప్పులు, దవడ, నాలుక.
పెళ్లి ఉంగరం రెండుసార్లు కోయించి అతికించుకుంది.
చెప్పకుండా దాచిన మనిషి కాదు.
కీళ్లనొప్పులంటే బరువు తగ్గమన్నారు,
చెమటలంటే ముట్లుడిగే వయసన్నారు,
మొహం మారిపోతోందంటే
అద్దం చూడ్డం తగ్గించమన్నాడొకాయన.
తొమ్మిదేళ్లు.
ఆఖరికి పట్టుకున్నది డాక్టరు కాదు,
గుర్తింపు కార్డుల ఆఫీసులో గుమాస్తా కుర్రాడు.
"ఈ పాత ఫొటో మీదేనా, మీ చెల్లెలిదా?"

ఈ మార్చిలో బ్రెయిషో మళ్లీ వచ్చాడు.
వారానికి రెండు మాత్రలు, చిన్నవి, తెల్లవి.
కత్తి అవసరం పడలేదు.
గడ్డం మీద గాటు, దాని మీద దూది.
"రోజూ గీయాల్సొస్తోంది" అన్నాడు,
జీతం పెరిగినవాడిలా.
ఎడమ అంచున చుక్క వెలిగింది.
ఆలస్యంగానే, నొక్కాడు.
కుడివైపు పైమూల ఇంకా నలుపే.
ఉషీయా ఆ పక్కనే కుర్చీ వేసుకుంది.

గది తాళం వేసేముందు
నా ఉంగరం ఒకసారి తిప్పి చూసుకుంటాను.
తిరుగుతుంది.
ఇవాళ్టికి తిరుగుతోంది.