గాలితం

బర్కా ఒడ్డున
సముద్రాన్ని మంచినీళ్లు చేసే ప్లాంటుల
రాత్రి డ్యూటీ నాది.
గాజు గరాటుల తెల్లకాగితం మడిచి పెట్టి
ఉప్పునీళ్లు లీటరు కొలిచి పోస్త.
చుక్క. చుక్క.
కాగితం మీద నాచు, సన్న ఇసుక,
ఒకటో రెండో చేప పొలుసులు.

"కింద దిగినదాన్ని ఏమంటరన్నా?"
కొత్తగ వచ్చిన పిలగాడు అడిగిండు.
నిమల్ సారైతే ఫిల్ట్రేట్ అంటడు.
నాకు మాత్రం మెట్‌పల్లి బడిల
సుగుణాకర్ సారు సుద్దముక్కతోటి రాసిన మాట
యాదికొచ్చింది.
గాలితం.
పరీక్షల నేను తప్పు రాసిన,
కాగితం మీద మిగిలేదే గాలితమని.
ఎర్రసిర తోటి కొట్టేసి
పక్కన రాసిండు సారు:
మిగిలింది కాదురా, దాటింది.

అరబ్బీల దీన్ని సాఫీ అంటరట.
ఆ మాట నాకు ముందే ఎరుక.
జీతం చీటిల ఆఖరి గీత కింద ఉండేది అదే.
మెస్సు, రూము కిరాయి, ఏజెంటు బాకీ
అన్నీ మీదనే ఆగినంక
బొట్టు బొట్టుగ కిందికి దిగే రియాళ్లు.

మా రూముల రాజలింగు
బియ్యం గాలించి వండేటోడు.
బేసిన్ల నీళ్లు పోసి మణికట్టు మెల్లగ తిప్పుతుంటే
బియ్యం ఒక గిన్నెలకెళ్లి ఇంకో గిన్నెలకు
నడిచినట్టే పోయేది.
ఈడి బియ్యంల రాళ్లుండయి కదనే అంటే
చేతికి అలవాటు పోతలేదు అని నవ్వేటోడు.

ఏడు నెల్లు జీతమియ్యని కఫీలును ఇడిసిపెట్టి
ఒక శుక్కురారం పొద్దుగాల పోయిండు,
పాస్‌పోర్టు ఆ సేటు బీరువలనే ఉండంగ.
అప్పటిసంది ఖల్లివెల్లి.

మొన్న బేస్తారం రాత్రి
రువీ గల్లీలన్నీ గాలించిండ్రు పోలీసులు.
అదే మాట! వేరు ఒకటేనేమో.
కాగితం ఉన్నోడు దాటిండు
లేనోడు ఆగిండు.
రాజలింగు దొరికిండని ఒకడన్నడు
గోడ దుంకి ఉరికిండని ఇంకొకడు.

దొరికితే విమానమెక్కిస్తరు.
అప్పుడు వాడు దాటినట్టా?
దొరకకుంటే ఈ ఇసుకలనే ఉంటడు.
అది తప్పించుకున్నట్టా, మిగిలిపోయినట్టా?
సారూ, మీరొక్కటి చెప్పలేదు.
కాగితానికి ఏ దిక్కున నిలబడి చూడాలె?

పిలగాడు పెన్ను పట్టుకొని నిలబడ్డడు.
గాలితం అని రాసుకో, అన్న.
రాసుకొని బీకరు దిక్కు చూసిండు.
"మరి దీన్నేం చేస్తం?"
సింకుల పారబోస్తం.
ఆగినదాన్నే
కాగితంతోటి సహా ఆరబెట్టి
తూకమేస్తం.

పద్నాలుగు మిల్లీగ్రాములు.
రిజిస్టర్ల ఎక్కించిన.
ఇంకా ఆరలేదేమో అని
మళ్లొకసారి తూచిన.