పసి

సస్కటూన్‌లో ఫిబ్రవరి. ప్రయోగశాల నేలమాళిగలో
ఒడీల్ లావలేది రాత్రి పని.
ముప్పై రెండు గాజు తొట్లు, తొట్టికి ఆరు పరిగెలు,
ఒక్కటీ చిటికెన వేలంత లేదు.
ఇక్కడే పుట్టాయి. నదిని ఎరగవు.
పైక్ చేప దవడ ఎంత పొడుగో
వాటికి ఎవరూ చెప్పలేదు.

సన్నగొట్టంలోంచి ఆమె కొన్ని చుక్కలు వదుల్తుంది,
పైక్ ఈదిన నీళ్ళు.
రంగు లేదు, మడ్డి లేదు. ఒకసారి మూత తీసి తనూ వాసన చూసింది:
జలుబు చేసిన ముక్కు,
అంతే.

మొన్నటిదాకా పరిగెలకూ అవి ఉత్త నీళ్ళే.
నిన్న వాటితో పాటు
తమలాంటి ఒకదాని చీరుకుపోయిన చర్మం
రవంత కలిపారు.
ఒక్క పాఠం. పలకా బలపం లేని బడి.

ఇవాళ మొదటి చుక్క కరిగీ కరగకముందే
ఆరూ ఒరుసుకుంటూ దగ్గరికి జరిగాయి,
ఆరు తోకలున్న ఒక్క చేపలా.
ఆపైన అడుక్కి.
గులకరాళ్ళకు పొట్ట ఆనించి, మొప్పలు ఆడీ ఆడనట్టు.
పైన ఎర్రపురుగుల ముద్ద మెల్లగా విడిపోతూంది,
ఎవరూ లేవరు.

ఒడీల్ గడియారం నొక్కి రాస్తుంది:
కదలిక సున్నా. మేత సున్నా.
భయానికి కాగితంలో గడి లేదు.

చిన్నప్పుడు మామ అల్సీద్ గడ్డకట్టిన చెరువుకు బెజ్జం కొట్టి
పైక్‌లు లాగేవాడు.
పొట్ట కోస్తే లోపల పరిగెలు, పేర్చి పెట్టినట్టు.
"తిన్నవాళ్ళ వాసనే కొడుతుందే దీని ఒళ్ళంతా" అనేవాడు.
కోతలు కోస్తున్నాడనుకుంది.

పక్క గదిలో పరిగెల్ని మింగిన పైక్ ఉంది.
దాని నీళ్ళకైతే ఏ పాఠమూ అక్కర్లేదు.
పళ్ళను కాదు,
కడుపులో ఉన్న తమవాళ్ళని పసిగడతాయి.

నా భాషలో పసి అంటే పిల్ల. పసి అంటే వాసన కూడా.
ఆ రెండో అర్థాన్ని మేం మర్చిపోతున్నాం,
ఇవి మర్చిపోలేదు.

ఈ గదిలోని పైక్ చచ్చి పదకొండు రోజులైంది.
ఫ్రీజర్‌లో, తేదీ రాసిన సీసాల వరసలో
ఇంకా వేటాడుతూనే ఉంది.

తెల్లారుజామున నాలుగింటికి,
తోక చివర చిరిగిన పరిగె ఒకటి
అడుగు వదిలి, జానెడు ఎత్తు లేచి,
ఒక పురుగుని నోట పెట్టుకుంది.
ఒడీల్ సున్నా కొట్టేసి ఒకటి వేసింది.

తలెత్తేసరికి
అది పురుగుని ఉమ్మేస్తోంది.